తలుపులు లేని పెండ్లిమంటపము: పర్యాటక శాఖామాత్యులకు బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖామాత్యులవారి సముఖమునకు, మంగంపేటనుండి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కారపూర్వకముగా వ్రాసికొను లేఖ.

ఆర్యా,

పెండ్లిండ్లకై విదేశములకు పోవలదనియు, స్వదేశముననే ఆ శుభకార్యములను జరుపుకొనుడనియు 2023 నవంబరులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున దేశప్రజలను కోరిన నాటినుండి, కోటలను, కొండలను, సముద్రతీరములను వివాహవేదికలుగా చూపి అతిథులను రప్పింపవలెనన్న ఆలోచన పలు రాష్ట్రముల పాలకులయందు బలపడుచున్నది. ఆ ఆలోచనను నేను కాదనుటకు ఈ లేఖ వ్రాయుటలేదు. అది మా కడప సీమకు వచ్చునప్పుడు ఏ రూపమున రావలెనో, ఇచ్చట పుట్టి ఇచ్చటనే ఇద్దరు కుమార్తెలకును ఒక మనుమరాలికిని పెండ్లిచేసిన వృద్ధుడనుగా, తమకు విన్నవించుకొనదలచితిని.

మా ఊరు మంగంపేట. కడపనుండి రేణిగుంటకు పోవు మార్గమున రాజంపేట దాటి కోడూరు చేరకమునుపే, ఓబులవారిపల్లె చేరువన, నేల పెద్ద నోరు తెరచినట్లు మెట్లుమెట్లుగా లోనికి దిగిన గని యొకటి కానవచ్చును. శాస్త్రజ్ఞులు బెరైటీసు అని పిలుచు రాతిని మేము ముగ్గురాయి అందుము. చేతికెత్తుకొన్నవాడు, చూపునకు ఇంతే యున్న రాయి ఇంత బరువెట్లు మోయుచున్నదని విస్మయపడును. నీటికంటె నాలుగు రెట్లకు మించిన సాంద్రత దానిది. ఆ బరువుచేతనే చమురుబావులు త్రవ్వువారు దాని పొడిని బురదలో కలిపి బావిలోనికి దింపుదురు. ప్రపంచములో ఒక్కచోట ఇంత రాశిగా పడియున్న ముగ్గురాయి మరెచ్చటను లేదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1961లో ఏర్పడిన రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ దీనిని త్రవ్వించుచున్నది. చుట్టును పిండిమిల్లులు; ఆ మిల్లులనుండి లేచిన తెల్లని ధూళి మామిడాకులమీదను, అరటాకులమీదను, ఆరవేసిన బట్టలమీదను వ్రాలుచుండును. ఇట్టి ఊరికి పెండ్లిచేసికొన ఎవరు వత్తురని తమకు తోచవచ్చును. మా ఇంటివారికే మొదట అట్లు తోచినది.

ఆ సంగతికి పోకముందు ఒంటిమిట్ట మాట చెప్పవలయును. వివాహస్థలమును ఎన్నుకొనుట అను పని ఒక రాష్ట్రప్రభుత్వమునకే తటస్థించినది ఒంటిమిట్ట విషయముననే గదా! 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడిపోయినప్పుడు భద్రాచలము తెలంగాణమునకు చెందినది. తరతరములుగా ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములును ముత్యాల తలంబ్రాలును వెళ్లుచుండిన సీతారామకల్యాణవేదిక ఆంధ్రప్రదేశమునకు లేకపోయెను. విజయనగరము సీమలోని రామతీర్థమా, మా ఒంటిమిట్టయా అని కొంతకాలము తర్కము సాగి, తుదకు 2015లో ఒంటిమిట్ట కోదండరాముని గుడికి ఆ గౌరవము దక్కినది. ఆ సంవత్సరముననే ఆలయము తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలోనికి వచ్చినది. పెద్ద నగరము కాదు. నది యొడ్డు కాదు. కరవునకు పేరుపడిన సీమ. గర్భాలయమున సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు వెలసియుండగా, వారి చెంత హనుమంతుడు లేడు. రామునకు హనుమంతునితో సమాగమము కాకమునుపటి మూర్తులివి యని పెద్దలు చెప్పుదురు. 1652లో ఈ దారిని పోయిన ఫ్రెంచి బాటసారి టావెర్నియరు ఈ గుడి గోపురమును చూచి మెచ్చుకొనెను. జీర్ణించిపోవుచుండిన ఈ గుడిని నిలబెట్టుటకై ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూర భిక్షమెత్తిరి. ఆవరణ వెలుపల ఇమాంబేగు త్రవ్వించెనని చెప్పుకొను బావి నేటికిని కలదు. రామా యని పిలిచిన పలుకునా యని పరీక్షించి, మారుపలుకు విని, ఆ మహమ్మదీయాధికారి ఈ బావిని త్రవ్వించెనట.

అన్నిటికంటె వింతయైనది అచ్చటి పెండ్లి వేళ. భద్రాచలమున నవమినాడు మిట్టమధ్యాహ్నము అభిజిల్లగ్నమున జరుగు కల్యాణము, ఒంటిమిట్టయందు నవమినాడు ఉత్సవములు ఆరంభమై చంద్రుడు నిండుదనమునకు వచ్చిన రాత్రి జరుగును. పగటిపెండ్లి చూడ నోచుకొనలేదని చంద్రుడు దుఃఖింపగా, నీ వెన్నెలయందే మరియొకసారి పెండ్లాడుదునని స్వామి మాట ఇచ్చెనని ఐతిహ్యము. పిలుపు అందని ఒక్కనికొరకై పెండ్లి వేళయే మారినదన్న ఈ కథను నేను బాల్యమునుండి వినుచు వచ్చితిని; దాని లోతు మాత్రము నా మనుమరాలి పెండ్లినాటికి గాని నాకు తెలియలేదు.

ఆ పిల్ల బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. సంబంధము కుదిరిన పిమ్మట నా కుమారుడు తిరుపతిలో ఒక మంటపమును విచారించి వచ్చెను. ఒకదినపు అద్దె అతని మూడునెలల జీతమునకు సమానము. చల్లగదులు, అద్దాల తలుపులు, కాపలావారు, ఉదయము ఆరుగంటలకు ఖాళీచేయవలెనన్న షరతు. అందరమును సరే యనుకొనుచుండగా పిల్ల నా కుర్చీ ప్రక్కన వచ్చి కూర్చుండి, "జేజినాయనా, యాడనో తిరుపతిలో మండపం ఎందుకు? మన తోపులోనే చేద్దాం. ఒంటిమిట్ట సామికి పనికొచ్చిన ఎన్నెల నాకు పనికిరాదా?" అనెను. ఇంట పెద్ద గాలివానయే లేచినది. ఎండకాలము, ధూళి, తేళ్లు, కరెంటు, మగపెండ్లివారి మర్యాద, ఊరివారి మాట అని ఒక్కొక్కరు ఒక్కొక్క అభ్యంతరము చెప్పిరి. నేనును మొదట ఆ పిల్ల పక్షమున లేకుంటిని. మా అయ్య పెండ్లి ఎచ్చట జరిగెనో, నా పెండ్లి ఎచ్చట జరిగెనో ఆ రాత్రి తలపునకు తెచ్చుకొనుచు పరుండితిని. రెండును ఆడుపెండ్లివారి ఇంటిముందరి వీధిలోనే జరిగినవి. టెంకాయ మట్టలతో చప్పరము వేసి, పందిరిరాటకు పసుపు పూసి, కుమ్మరి తెచ్చిన ఐరేని కుండలు పేర్చి, వీధినే మంటపము చేసికొంటిమి. ఆ వీధిలో పోవువాడు పెండ్లిలోనుండియే పోవలెను, పిలువకున్నను పిలిచినవాడే. మంటపములు కట్టిన పిదప మాత్రమే, ఇంతకు పూర్వము మాకు తెలియని యొక మాట, 'పిలువని పేరంటము', తలుపు దగ్గర నిలుచున్న కాపలావాని రూపము దాల్చినది. తెల్లవారి నేను పిల్ల పక్షమున చేరితిని.

పురోహితుడు పౌర్ణమికి ఒప్పుకొనలేదు. వైశాఖ శుద్ధ త్రయోదశి, స్వాతీ నక్షత్రము, రాత్రి ధనుర్లగ్నము అని నిర్ణయించెను. రెండు కళలు తక్కువైన చంద్రునితో సరిపెట్టుకొనుమని పిల్లను బుజ్జగించితిమి. పెండ్లికి ఐదుదినముల ముందు ఊరి యువకులు మోటారు నీటితో మామిడిచెట్లను తలలనుండి మొదళ్లవరకు కడిగిరి. ఎన్ని యేండ్ల ముగ్గురాతి ధూళియో తెల్లని పాలవలె కారి పాదులలో ఇంకినది. ఆ చెట్లు అంత పచ్చగా నుండునని నేను మరచిపోయితిని. ఆడవారు ఆ రాతిపిండితోనే చప్పరము క్రింద పదునారు అడుగుల ముగ్గువేసిరి. సముద్రములు దాటి ఎవరి చమురుబావులలోనికో దిగిపోవు పిండి ఒక్క రాత్రి మా వాకిట నిలిచినదని నాకు తోచి, చాలసేపు అచ్చటనే నిలువబడితిని.

విఘ్నము రాకపోలేదు. పెండ్లినాటి సాయంకాలము నాలుగు గంటలకు పడమటినుండి గాలి విసరి, చప్పరమున సగము ఎగిరిపోయినది. రాలిన మామిడికాయలు ముగ్గుమీద దొర్లినవి. అప్పుడు పొద్దుటి పని ముగించి మిల్లులనుండి వచ్చుచున్న కూలీలు, తల వెండ్రుకలనుండి కాలిగోళ్లవరకు తెల్లనైనవారు, మమ్ము చూచి ఆగిరి. ఎవరును పిలువలేదు. నలుగురు చెట్లెక్కిరి, నలుగురు మట్టలు అందించిరి, గంటలో చప్పరము మరల నిలిచినది. ఆరుగంటలకు వారు ఇండ్లకు పోయి స్నానముచేసి భార్యాబిడ్డలతో తిరిగివచ్చి, అరటాకులముందు మగపెండ్లివారి ప్రక్కనే కూర్చుండి ఓళిగలు, చిత్రాన్నము, వంకాయకూర తినిరి. తిరుపతి మంటపమున ఆ కాపలావాడు వీరిని లోనికి రానిచ్చునా? నేనైనను వీరిని పిలుతునా? మా పిలుపుల పట్టికలో వీరి పేరు ఒక్కటియు లేకుండెనని ఒప్పుకొనవలయును.

లగ్నము వేళకు చంద్రుడు తోపు తలమీదికి వచ్చెను. విద్యుద్దీపములు ఆర్పివేయుమని పిల్ల ముందే చెప్పియుండెను. రెండు పెట్రోమాక్సులు తప్ప అన్నియు ఆర్పితిమి. గట్టిమేళము మ్రోగినప్పుడు జీలకర్రబెల్లము పెట్టుచున్న ఆ రెండు చేతులు వెన్నెలలో ఎంత స్పష్టముగా కనబడెనో, వేయి దీపముల క్రింద జరిగిన పెండ్లిండ్లలోను నేనంత స్పష్టముగా చూచి యెరుగను. పదిగంటలు దాటిన తరువాత ధ్వనివర్ధకములు కూడవని 2000 సంవత్సరపు నియమావళి శాసించుచున్నది. మాకు ఆ యంత్రములే లేవు, మేళమును పదింటిలోపుగనే ముగిసినది. ఆ తరువాత వినబడినది మంత్రమును, ఆకుల సవ్వడియు మాత్రమే.

అటుపిమ్మట అరుంధతీదర్శనము. అమాత్యవర్యా, ఈ క్రతువును గూర్చి తమ చిత్తము ఒక్క నిమేషము నిలుపవలెనని ప్రార్థన. మన వివాహవిధి వధూవరులను ఆరుబయటికి రమ్మని, తల యెత్తి ఆకసమును చూడుమని ఆజ్ఞాపించుచున్నది. అనగా పెండ్లి మిన్ను క్రింద జరుగునని పూర్వులు నిశ్చయించుకొనిరన్నమాట. నేడు పట్టపగలు కప్పుక్రింద పురోహితుడు సున్నము పూసిన పైకప్పువైపు వ్రేలు చూపగా, జంట తల యూపి ఛాయాచిత్రమునకు నిలుచుచున్నది. ఇది ఎవరి దోషమును కాదు, స్థలము అట్టిది. మా తోపునుండి ఉత్తరమునకు చూచినచో చెట్ల తలలకు పైన సప్తర్షిమండలము నిలువెత్తున నుండెను. వసిష్ఠుని చుక్క అందరికిని కనబడినది; ప్రక్కనున్న చిన్నచుక్క వెన్నెల వెలుతురున నా ముసలికన్నులకు అందలేదు. మిల్లు కూలివాని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, "అద్దో, ఆడుండాది" అని పెండ్లికూతునకు చూపెను.

ఆ పిల్ల వ్రేలు చూపినప్పుడు నాకు ఒంటిమిట్ట చంద్రుడు జ్ఞప్తికి వచ్చెను. అందుచేతనే ఈ లేఖ.

మా సీమలో పెండ్లికి చోటెన్నుకొనుటలో నున్న ఔదార్యము క్రొత్తది కాదు. అహోబిల నృసింహస్వామి ప్రతిసంవత్సరము సంక్రాంతి దాటిన పిమ్మట పారువేటకు బయలుదేరి, నలువది దినములకు పైగా ముప్పదికి మించిన పల్లెలు తిరిగి, తన కల్యాణమునకు రండని ప్రజలను స్వయముగా పిలుచునని నమ్మకము. వరుడే శుభలేఖయై గుమ్మముగుమ్మమునకును పోవుచున్నాడు. దేవునికడపయందు ఉగాదినాడు మహమ్మదీయులు బీబీనాంచారమ్మను తమ ఆడుబిడ్డగా తలచి, స్వామిని అల్లునిగా భావించి, టెంకాయలు తెచ్చి మ్రొక్కుదురు. రాజంపేట చెంతనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల వంశమువారే శ్రీవారి కల్యాణోత్సవమున కన్యాదాతలని సంప్రదాయము. ఇన్ని కథలున్న నేలమీద పెండ్లిమంటపమునకు అద్దాల తలుపు ఎట్లు బిగింపనగును?

స్థలము దొరకుటయే సాహసమైన పెండ్లియు మన చరిత్రలో కలదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహమును తమ యింటనే జరిపించిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు, పురోహితులు వెనుకాడిన దినములవి. కాపునకు రక్షకభటులు నిలువవలసివచ్చెను. ఆ యిల్లు మంటపముగా మారకున్నచో ఆ పెండ్లి జరుగుటకు వేరొక గడప ఆ పట్టణమున లేదు. ఒక వేదిక గొప్పదని నేననుకొనునది అట్టి పెండ్లికి తావిచ్చినప్పుడే.

ఇక తాము చేయదగిన పని. మొదట చేయరానిది చెప్పెదను. గండికోటను చూచినవారెల్లరును పెన్నానది ఎర్రని కొండను కోసికొనిపోయిన ఆ లోయ యంచున పెండ్లి జరిగిన బాగుండునని తలంతురు; పెండ్లికి ముందు ఛాయాచిత్రములు తీయించుకొను జంటలు ఇప్పటికే అచ్చటికి వచ్చుచున్నవి. కాని గండికోటయు, సిద్ధవటము కోటయు, ఒంటిమిట్ట గుడియు పురావస్తుశాఖ సంరక్షణలోనివి. 1959 నాటి నియమములనుబట్టి అట్టి కట్టడములయందు ఆచారసిద్ధమైన మతకృత్యములు తప్ప విందులు, సభలు కేంద్రప్రభుత్వపు వ్రాతపూర్వకానుమతి లేనిదే జరుపరాదు. 2010లో సవరించిన శాసనమునుబట్టి చుట్టును నూరుమీటర్లలో నిర్మాణము నిషిద్ధము. ఆపై రెండువందల మీటర్లలో అనుమతి లేక కట్టరాదు. ఈ హద్దులను సడలింపుడని ఎవరైన తమ్ము కోరినచో దయచేసి ఒప్పుకొనకుడు. గండికోటలోని మాధవరాయస్వామి గుడి స్తంభమునకు తోరణపు మేకు కొట్టిన దినమున మన మనుమలకు చూపుటకు ఏమియు మిగులదు.

రెండవది, గాలి. 2018 మార్చి 30వ తేది రాత్రి ఒంటిమిట్ట కల్యాణవేళ వడగండ్లతో గాలివాన విరుచుకొనిపడి, పందిళ్లు కూలి, కొందరు భక్తులు ప్రాణములు కోల్పోయిరి, అనేకులు గాయపడిరి. మా తోపునకు గాలి వచ్చినప్పుడు చప్పరము క్రింద ఎవరును లేకుండుట మా పుణ్యమే గాని మా జాగ్రత్త కాదు. చైత్రవైశాఖములలో మా సీమ సాయంకాలములు ఎట్లుండునో ఎరిగియు ఇనుపరేకులు, ఎత్తైన గుంజలు నిలుపుట తప్పు. మిన్ను క్రింద పెండ్లి కావలెనన్నచో పైకప్పు తేలికగానుండి, అవసరమైనప్పుడు జనము చేరుటకు గట్టి వసారా యొకటి చేరువన నుండవలయును.

ఆ రెండును గమనించి, ఒంటిమిట్టనుండి కోడూరువరకుగల ఈ దారిలో, రక్షితకట్టడముల హద్దులకు బాగుగా వెలుపల, చెరువుగట్ల చెంతనో ప్రభుత్వపు బంజరునందో, మూడు నాలుగు తోపులను పెంపించుడు. భవనములు వలదు. నీళ్లకొళాయిలు, మరుగుదొడ్లు, వృద్ధులు వెన్ను వాల్చుటకు అరుగులు, వంటకు ఒక కొట్టము, వానకు ఒక వసారా చాలును. మామిడి, వేప, కానుగ నాటినచో పది పదునైదేండ్లలో చప్పరము దానంతట అదియే యగును. ఆలోపల టెంకాయ మట్టలు మా చేతులలోనే యున్నవి. తిరుమలకొండమీద దేవస్థానమువారు కల్యాణవేదికలో జంటలకు ఉచితముగా పెండ్లి జరిపించుచున్నారు; ఆ పాటి దయ ఈ తోపులకును వర్తింపవలెను. హైదరాబాదునుండియో అమెరికానుండియో వచ్చువారివద్ద ఎంత రుసుము తీసికొన్నను తీసికొనుడు, గని కూలివాని బిడ్డకు మాత్రము ఆ తోపు ఊరి చెరువువలెనే ఉచితముగా నుండవలయును. మరియొక్కటి: ప్రహరీ కట్టకుడు. ప్రహరీ కట్టిన మరునాడు ద్వారము వచ్చును, ద్వారము వెంట కాపలావాడు వచ్చును.

మా ఊరివంటి ఊళ్లను పర్యాటకశాఖవారు చూపరు. గని యున్నచోట చూడదగినది ఏమున్నదని తలంతురు కాబోలు. నాకు మాత్రము ఇచ్చటి మిల్లుల వెనుక, ధూళి కడిగిన మామిడికొమ్మల నడుమ, ఒక పెండ్లి అనువైనచోట జరిగినదని తెలియును. చైత్రమున ఒంటిమిట్ట కల్యాణమునకు తాము ఎట్లును వచ్చెదరు. ఒకదినము ముందుగా వచ్చి, కార్ల బారు లేక, చీకటిపడిన పిమ్మట మా తోపునకు దయచేయుడు. మనుమరాలి పందిరిరాట నాటిన గుంత ఇంకను పూడ్చలేదు. రెండవ మనుమరాలు దానిని తనకు ఉంచుమని చెప్పినది.

ఇట్లు,
తమ విధేయుడు,
మంగంపేట విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు